కొండ ఎవరిది?

మా విమానాశ్రయంలో కొండ మేడం అంటే తెలియనివాళ్లు లేరు. సామాన్లు మోసేవాళ్ల దగ్గర్నుంచి డైరెక్టరుగారి దాకా వెనకాల అందరూ అలాగే పిలుస్తారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. అన్నా ఆవిడ పట్టించుకునే రకం కాదు. ఆ పేరు పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. వెటకారానికి పెట్టిన పేరే, దాచడమెందుకు. ఇప్పుడు వెటకారం పోయింది, పేరు మిగిలింది. అదెలా జరిగిందో చెప్పాలంటే ఒక వానాకాలపు పొద్దుటి సంగతి చెప్పాలి. ఆ పొద్దున ఆ గదిలో ఆవిడ కాకుండా ఉన్నది నేనొక్కణ్ణే.

నేను విమానాలకు దారి చెప్పేవాణ్ణి కాదు, అది ఆవిడ పని. టవర్లో ఫోన్లు, మైకులు, వైర్లు, అక్కడి మాటలన్నీ రికార్డు చేసే యంత్రం, వీటిని బాగుచేయడం నా పని. పని పడ్డప్పుడు అందరూ బాబాయ్ అంటారు. పని లేనప్పుడు "ఆ ముసలాయనా?" అంటారు. నాకు ముక్కు మీద కోపమని చెప్పుకుంటారు కూడా. ఉండదూ మరి! మీటలున్న బల్ల మీద నిండు టీ గ్లాసు పెట్టి, అది కాస్తా ఒలికాక "బాబాయ్, ఇదేదో పనిచేయట్లేదు" అంటే ఎవరికి మాత్రం రాదు?

ఆ బల్ల దగ్గర టీ తాగని మనిషి ఆవిడొక్కతే. అందుకే మొదట్నుంచీ ఆవిడంటే నాకు కాస్త అభిమానం. సన్నటి మనిషి, కళ్లద్దాలకు తాడు, ఇంటినుంచి తెచ్చుకున్న దిండు కుర్చీలో. పెన్సిలు గోరంత అయ్యేదాకా పారేయదు. భర్త బళ్లో లెక్కలు చెబుతాడు. ఇంట్లో అత్తగారు, పదేళ్ల కూతురు. ఆవిడ గురించి ఇంతకన్నా చెప్పుకోవడానికి అప్పట్లో ఏమీ లేదు, ఫోన్లో ఉన్న అన్నయ్య తప్ప.

ఆ అన్నయ్య ఎవరో చెప్పాలి. ఊరవతల టవర్లో కూర్చున్నవాళ్లే విమానాన్ని దారంతా చూసుకుంటారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. విమానం దూరంగా ఉన్నప్పుడు ఇంకో ఊళ్లో ఉన్న పెద్ద గది చూసుకుంటుంది. మా ఊరు దగ్గరపడ్డాక మేం అందుకుంటాం, చంటిపిల్లను ఒకరి చేతుల్లోంచి ఇంకొకరు అందుకున్నట్టు. అలా అందుకునే ముందు రెండు గదులూ ఫోన్లో మాట్లాడుకోవాలి. ఏ విమానం, ఎటునుంచి వస్తోంది, ఎంత ఎత్తులో వదులుతున్నారు అన్నది ఒకరు చెప్పాలి, రెండోవాళ్లు అదంతా పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి. ఆ పెద్ద గదిలో పొద్దుటి సీటు ఒక పెద్దాయనది. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో గొంతు వణుకుతుంటే, "ఊపిరి తీసుకో అమ్మాయ్, విమానం ఎక్కడికీ పారిపోదు" అని ధైర్యం చెప్పినవాడు ఆయనే. ఆ రోజునుంచి ఆయన అన్నయ్య, ఆవిడ అమ్మాయి. పద్నాలుగేళ్లు రోజూ మాట్లాడుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

వారానికోసారి రికార్డింగులు వినడం నా పనిలో భాగం కాబట్టి వాళ్ల కబుర్లన్నీ నాకు కంఠతా వచ్చు. ఆయన మోకాలి నొప్పి, ఆవిడ కూతురి కోరదగ్గు, ఆయన భార్య కొత్తగా నేర్చుకుంటున్న ఈత. అసలు విషయం వచ్చేసరికి మాత్రం రెండే మాటలు. "పొద్దుటి విమానం వస్తోంది. మామూలే." "సరే అన్నయ్యా." మామూలే అంటే నది మీదుగా, ఆరువేల అడుగుల ఎత్తులో అని వాళ్లిద్దరికీ తెలుసు. తిరిగి అప్పజెప్పడం ఎప్పుడు మానేశారో వాళ్లకే గుర్తుండదు. ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ రూలు పుస్తకం ఎవరు తీస్తారు చెప్పండి?

ఇక కొండ. మా టవర్ అద్దాల్లోంచి దక్షిణంగా చూస్తే నదికి కుడి ఎడమలు రెండూ కనిపిస్తాయి. నది మీదుగా వస్తే అంతా పల్లం, ఏ బెడదా లేదు. నదికి తూర్పున, అంటే వచ్చే విమానానికి కుడిపక్కన, కొండ. శిఖరం నాలుగువేల తొమ్మిదివందల అడుగులు. అక్కడొక వైర్‌లెస్ స్తంభం, పక్కనే కాపలావాడి తెల్లటి ఇల్లు. తేటగా ఉన్న రోజున దుర్భిణీ పెట్టి చూస్తే ఇంటి ముందు తీగమీద ఆరేసిన బట్టలు కూడా కనిపిస్తాయి. ఆ ఇల్లాలికి ఉతకడమంటే పిచ్చి అని మావాళ్ల నమ్మకం, ఎప్పుడు చూసినా తీగ నిండుగానే ఉంటుంది. ఆ వైపు వచ్చే విమానం ఏదైనా ఏడువేల అడుగులకు తగ్గకూడదు. శిఖరానికీ విమానానికీ మధ్య రెండువేల అడుగులు ఖాళీ ఉండాలని రూలు.

ఆ పొద్దున నేను బల్ల కింద దూరి ఫోను తీగ మారుస్తున్నాను. పక్క సీటాయన టీకి వెళ్లాడు. కొండ మబ్బులో ములిగిపోయి, ఉందో లేదో తెలియడం లేదు. అన్నయ్య ఫోను వచ్చింది. కొత్త తీగ ఎలా ఉందో చూద్దామని నేనూ వింటున్నాను.

"అమ్మాయ్, నది మీద ఉరుముల మబ్బు పట్టింది. మన పొద్దుటి విమానం తప్పించుకోడానికి కుడికి తిరుగుతోంది. మిగతాది మామూలే."

"సరే అన్నయ్యా. మోకాలెలా ఉంది?"

"వాన వస్తోందని నీకంటే ముందు అదే చెప్పింది."

ఇద్దరూ నవ్వారు. బల్ల కింద నేనూ నవ్వాను.

నిమిషం తరవాత పైలట్ మా గదితో మాట కలిపాడు, ఆరువేల అడుగుల్లో ఉన్నానని చెప్పాడు. ఆవిడ రాడార్ తెర వైపు చూసింది. నాకు ఆవిడ కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్లు రెండూ ఒక్కసారిగా నేలకు అంటుకుపోయాయి. మరుక్షణం ఆవిడ గొంతు వినిపించింది, ఎప్పటి గొంతే, కాస్త గట్టిగా అంతే. "వెంటనే ఏడువేలకు ఎక్కండి." పైలట్ మారుమాట లేకుండా ఎక్కాడు. మబ్బులో ఉన్నాడు కాబట్టి ఏమీ కనిపించలేదు. కొండ దాటాక ఆవిడ కిందికి దించింది. విమానం దిగింది, యాభైఎనిమిది మంది గొడుగులు వెతుక్కుంటూ దిగి వెళ్లిపోయారు. పైలట్ థాంక్స్ చెప్పాడు.

నేను బల్ల కిందనుంచి బయటికి వచ్చేసరికి ఆవిడ పెన్సిల్‌తో కాగితం మీద లెక్క వేస్తోంది. ఆరువేలలోంచి నాలుగువేల తొమ్మిదివందలు తీసేస్తే పదకొండు వందలు. రెండువేలు ఉండాల్సిన చోట పదకొండు వందలు. తీసివేత మూడుసార్లు చేసింది. ఎన్నిసార్లు చేసినా అంతే కదా వచ్చేది!

ఎవరిది తప్పు? విమానాన్ని కుడికి తిప్పింది ఆయన. తిప్పినవాడే ఎత్తు చూసుకుని ఉంటాడని ఆవిడ అనుకుంది. ఆయనేమో, కొండ ఎదురుగా పెట్టుకుని కూర్చున్న మనిషి కదా, ఆవిడే చూసుకుంటుందిలే అనుకున్నాడు. మామూలే అన్న మాటలో ఆరువేలు అలాగే వచ్చేసింది. ఇద్దరూ పని తెలిసినవాళ్లే, ఇద్దరికీ ఆ కొండ ఎత్తు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

ఇలాంటిది జరిగితే అదే రోజు రిపోర్టు రాయాలి. ఆవిడ రాయలేదు. షిఫ్టు దిగేటప్పుడు నా గదికి వచ్చింది. "బాబాయ్, ఇవాళ్టి రికార్డింగు ఎన్నాళ్లుంటుంది?" అని అడిగింది.

"ముప్పై రోజులమ్మా. ఆ తరవాత దానిమీదే కొత్తది పడిపోతుంది," అన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా. నా నోరు ఊరుకోలేదు. "పాత యంత్రం. ఒక్కోసారి మధ్యలోనే చెడిపోతుంటుంది కూడా."

ఆవిడ నా వైపు చూసింది, వెళ్లిపోయింది. ఆ చూపు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముప్పై ఏళ్లు ఆ యంత్రాన్ని కన్నబిడ్డలా చూసుకున్నవాణ్ణి, ఒక్క మాటతో దాన్ని దొంగను చేయబోయాను.

ఆ సాయంత్రమే అన్నయ్య ఆవిడ ఇంటికి ఫోను చేశాడు. ఆఫీసు లైను కాదు, సొంత ఫోను. ఇవన్నీ తరవాత ఆవిడ చెప్పగా తెలిసినవి. ఆయనకింకా ఐదు నెలల సర్వీసు ఉంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క మచ్చ లేదు. ఆఖరి రోజున ఆ సీటులోంచే లేచి ఇంటికి వెళ్లాలని, చివరి విమానం అప్పగించి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాలని ఆయన కోరిక. రిపోర్టు పడితే విచారణ. విచారణ అంటే సీటు దిగడం. ఐదు నెలల్లో మళ్లీ ఎక్కనివ్వరు.

"ఏమీ కాలేదు కదమ్మాయ్. ఎవరికీ గోరు కూడా విరగలేదు. ఐదు నెలలు ఓపిక పట్టు, ఆ తరవాత నీ ఇష్టం," అన్నాడట.

పద్నాలుగేళ్లలో ఆయన ఆవిడను ఏమైనా అడగడం అదే మొదటిసారి. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. తొమ్మిది రోజులు గడిచాయి. ఆ తొమ్మిది రోజులూ వాళ్లిద్దరూ ఫోన్లో ఎత్తులూ దిక్కులూ అన్నీ పూర్తిగా చెప్పుకున్నారు, కబుర్లు ఒక్కటీ లేవు. ఆవిడ మనిషి సగమైపోయింది. దిండు తెచ్చుకోవడం కూడా మర్చిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను, నోరు మెదపలేదు. నా మీద నాకే కోపం, దాన్ని టీ గ్లాసుల మీద చూపించాను.

పదో రోజు ఆవిడకు సెలవు. పొద్దున్నే వంటింట్లో పాలు మాడిపోయాయి. ఎవరూ లేక కాదు. భర్తా అత్తగారూ ఇద్దరూ పొయ్యి పక్కనే నిలబడి ఉన్నారు, వార్తలు మాట్లాడుకుంటూ. గిన్నె నల్లగా అయిపోయి పొగ వచ్చేదాకా ఇద్దరూ చూడలేదు.

"నువ్వు చూస్తున్నావనుకున్నానురా," అంది అత్తగారు.

"నువ్వున్నావు కదమ్మా అని నేను చూడలేదు," అన్నాడు ఆయన.

"ఎవరో ఒకళ్లమే ఉంటే మాడేది కాదు," అని అత్తగారు నవ్వేసింది. "ఇద్దరం ఉన్నామన్న ధైర్యంతోనే మాడింది."

ఆవిడ నవ్వలేదు. గిన్నె తీసుకుని కుళాయి దగ్గర కూర్చుంది. అరగంట తోమింది. అడుగున నలుపు కొంచెం మిగిలే ఉంది. ఆ గిన్నె అలాగే వదిలేసి, చేతులు తుడుచుకుని, కూతురి నోటుపుస్తకంలోంచి నాలుగు కాగితాలు చించి రిపోర్టు రాసింది. రేపు ఇంకెవరో ఇద్దరు, ఇంతే మంచివాళ్లు, ఇలాగే నవ్వుకుంటూ ఒక విమానాన్ని ఆ కొండ మీదికి పంపిస్తారని ఆవిడకు ఆ క్షణాన తెలిసిపోయిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ నా మొహంలోకి చూడలేదు, చేతులకేసి చూసుకుంటూ చెప్పింది.

రిపోర్టులో ఆలస్యానికి కారణం రాయమని ఒక గడి ఉంటుంది. అందులో మావాళ్లు మామూలుగా జ్వరం అనో, పని ఒత్తిడి అనో రాస్తారు. ఆవిడ "భయపడ్డాను" అని రాసింది.

ఇచ్చేముందు అన్నయ్యకు ఫోను చేసి మొత్తం చదివి వినిపించింది. తన తప్పు ముందు, ఆయన తప్పు తరవాత, ఉన్నదున్నట్టు. అంతా అయ్యాక "సరే" అన్నాడు, పెట్టేశాడు. ఆ సరే తరవాత అమ్మాయ్ అన్న మాట లేదు. అదే ఆవిడను కాల్చేసింది.

విచారణ వాళ్లు రికార్డింగు అడిగారు. నేనే తీసిచ్చాను, ఒక్క గీత కూడా లేకుండా. ఆవిడను నలభై ఐదు రోజులు సీటునుంచి దించి మళ్లీ పరీక్ష పెట్టారు. ఆయన్ను పాత ఫైళ్ల గదిలో కూర్చోబెట్టారు. ఐదు నెలల తరవాత అక్కడినుంచే, దుమ్ము దులుపుకుని ఇంటికి వెళ్లాడని విన్నాం. ఆ రోజు ఆవిడ ఫోను చేసింది. ఆయన భార్య ఎత్తి, ఆయన నిద్రపోతున్నాడని చెప్పింది. పగలు పదకొండింటికి.

సీటు లేని ఆ నలభై ఐదు రోజులూ ఆవిడ ఆఫీసులో ఒక మూల బల్ల దగ్గర కూర్చుని ఒక పద్ధతి రాసింది. రెండు గదుల పెద్దలచేతా సంతకాలు పెట్టించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. పద్ధతి ఇంతే. ఏ విమానమైనా నది దారి తప్పితే, ఫోను పెట్టేముందు ఒకరు అడగాలి: "కొండ ఎవరిది?" అంటే, కొండ దాటేదాకా ఎత్తు చూసే పూచీ ఎవరిది అని. ఒకరు "కొండ నాది" అనాలి. రెండోవాళ్లు "కొండ మీది" అని తిరిగి చెప్పాలి. ఇద్దరూ నాది అంటే కుదరదు. ఒక్కళ్లే అనాలి. తేలేదాకా ఫోను పెట్టకూడదు.

మావాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది. క్యాంటీనులో "ఈ గ్లాసు ఎవరిది?" అంటే "గ్లాసు నాది", "గ్లాసు మీది", పకపకలు. కొండ మేడం అన్న పేరు అప్పుడు పుట్టిందే. నేనూ నవ్వాను. కానీ వానలు మళ్లీ మొదలయ్యాక, నెలలో పదిసార్లు విమానాలు కుడికి తిరుగుతుంటే, పదిసార్లూ ఆ ప్రశ్నా ఆ జవాబూ నా యంత్రంలోకి ఎక్కుతుంటే, క్యాంటీనులో నవ్వులు వాటంతట అవే తగ్గిపోయాయి. ఎవరూ ఏమీ ఒప్పుకోలేదు. పని మాత్రం అలాగే చేశారు.

ఆ వానల్లోనే ఒక పొద్దున. నది మీద మబ్బు, పొద్దుటి విమానం కుడికి తిరిగింది. పెద్ద గదిలో ఇప్పుడున్నది ఒక కొత్తమ్మాయి. "కొండ ఎవరిది?" అని అడిగింది. "కొండ నాది," అంది మా కొండ మేడం. "కొండ మీది," అంది ఆ అమ్మాయి. పైలట్ తొందరగా దిగుతానని అడిగాడు. కొండ వైపు మబ్బు పలచగానే ఉంది. అయినా ఆవిడ ఒప్పుకోలేదు. ఏడువేలలోనే కొండ దాటించి, ఆ తరవాత ఒక చుట్టు తిప్పి నిదానంగా దించింది.

నేను కింద ప్రయాణికులు వచ్చే దారిలో మైకు బాగుచేస్తూ, "హలో, ఒకటి, రెండు, మూడు" అంటున్నాను. ఒక పెద్దాయన నా ముందు ఆగాడు. చేతిసంచీ ఒక్కటే సామాను. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు.

"ఫోన్లు బాగుచేసే బాబాయ్ మీరేనా? ఈ ఒకటి రెండు మూడు ఎన్నేళ్లు విన్నానో!" అన్నాడు.

గొంతు వినగానే మైకు కట్టేసి లేచి నిలబడ్డాను. మొహం కొత్తది. గొంతు మాత్రం మా టవర్లో పద్నాలుగేళ్లు ఉన్న గొంతు.

టవర్ పైకి బయటివాళ్లను రానివ్వరు. షిఫ్టు అయ్యేదాకా ఆయన కింద మెట్ల దగ్గర బల్లమీద కూర్చున్నాడు. నేను టీ తెచ్చిచ్చాను. ఈ విమానం ఎక్కడం ఇది మూడోసారని చెప్పాడు. కొండ మీదుగా తెస్తారేమోనని వానలు పడేదాకా ఆగి ఎక్కాడట. మొదటి రెండుసార్లూ నది మీదుగానే తెచ్చారు. అప్పుడు విమానాశ్రయంలోనే కూర్చుని, సాయంత్రం విమానంలో వెనక్కి వెళ్లిపోయాడు. పైకి కబురు కూడా పంపలేదు. ఆవిడ పైన అద్దాల వెనకే ఉందని తెలిసీ!

ఆవిడ మెట్లు దిగి వస్తోంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఆరు నిమిషాలు ఆలస్యం చేశావు, అమ్మాయ్."

ఆవిడ ఆఖరి మెట్టు మీదే ఆగిపోయింది. కమ్మీ పట్టుకుంది.

"అన్నయ్యా," అంది.

"కిటికీ పక్క సీటు అడిగి తీసుకున్నాను," అన్నాడు ఆయన. "మబ్బు విడిపోయింది, కొండ కనిపించింది. ముప్పై ఒక్కేళ్లూ కిటికీ లేని గదిలో కూర్చున్నాను. నాకు అది నాలుగువేల తొమ్మిదివందలు, అంతే. కాగితం మీద అంకె. అక్కడ ఇల్లుందని నాకెవరు చెప్పారు? తీగ మీద బట్టలున్నాయమ్మాయ్. ఎర్రటి దుప్పటి ఒకటి. రెండువేల అడుగుల పైనుంచే అంత బాగా కనిపిస్తే, ఆ రోజు ఎంత దగ్గరకు..."

జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నీమీద కోపంతో ఫోను ఎత్తలేదనుకున్నావు. కొన్నాళ్లు కోపమే. తరవాత సిగ్గు. ఐదు నెలలు ఓపిక పట్టమని అడిగింది నేనే కదా." ఫోన్లో మాట్లాడే గొంతుతో, ఒక్కొక్క మాటా విడివిడిగా అన్నాడు. "ఆ రోజు కొండ నాది."

"కాదన్నయ్యా. నాది కూడా..."

"ఇద్దరూ అనకూడదు. ఒక్కళ్లే అనాలి. రూలు పెట్టింది నువ్వే."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కళ్లద్దాల కిందనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆయన కదలకుండా నిలబడ్డాడు. తిరిగి చెప్పేదాకా ఫోను పెట్టని మనిషి ఎలా ఉంటాడో అలా.

"అప్పజెప్పు, అమ్మాయ్."

ఆవిడ కమ్మీ వదిలి ఆఖరి మెట్టు దిగింది.

"ఆ రోజు కొండ మీది, అన్నయ్యా."